ఒడిబియ్యం రోజు అన్న మాట

వనస్థలిపురం నుంచి ఒక రిటైర్డ్ టీచర్ ఆరు పేజీల ఉత్తరం రాశారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి, అందులోని విషయం క్లుప్తంగా చెబుతున్నాను.

ఆమెకు 61 ఏళ్లు. భర్త చనిపోయి మూడేళ్లయింది. కూతురు డాలస్‌లో ఉంటుంది. మనవరాలిని ఎత్తుకున్న రోజుల కంటే వీడియో కాల్‌లో చూసిన రోజులే ఎక్కువ. కొడుకు, కోడలు నల్లగండ్లలో ఉంటారు, ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. కొడుక్కి 34, కోడలికి 32. పెళ్లయి ఐదేళ్లు దాటింది. మొదట్లో "ఇప్పుడే కాదు" అనేవాళ్లు. కిందటి సంక్రాంతికి కోడలు ఎదురుగా కూర్చుని, "అత్తమ్మా, మేం పిల్లలు వద్దనుకున్నాం" అని చెప్పేసింది.

అప్పటి నుంచి ఈవిడ ఊరుకోలేదు. తను చేసినవన్నీ దాచకుండా రాశారు. ప్రతి ఆదివారం కూరలు డబ్బాల్లో సర్దుకుని, ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి మియాపూర్‌లో దిగి, వాళ్లింటికి వెళ్తారు. వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒక దారిలో మాట అక్కడికే వస్తుంది. చిలుకూరు బాలాజీకి మొక్కుకున్నారు, ఆ సంగతి కోడలికి చెప్పారు. బిడ్డ పుడితే ఇంటి పైపోర్షన్ వాళ్ల పేర రాస్తానని, 15 లక్షల ఎఫ్‌డీ బిడ్డ పేరు మీదకు మారుస్తానని అన్నారు. మొన్న కోడలి పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోసిన రోజు, చుట్టాలందరి ముందూ, "ఈసారికి బియ్యం, కుడుకలు. వచ్చేసారి ఈ ఒడిలో బాబే ఉండాలి" అన్నారు. అందరూ నవ్వారు. కోడలు లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేసింది. మెసేజ్ పెడితే బొటనవేలు గుర్తు ఒకటి వస్తుంది.

ఇదిలా ఉండగా కొడుకు ఒకరోజు మేడ మీద, "నాకైతే ఒక బిడ్డ ఉంటే బాగుండుననే ఉందమ్మా. తను ఒప్పుకోవట్లేదు" అన్నాడు. ఈవిడ తమ్ముడు, "పిల్లల్ని కననంటే అది కూడా క్రూరత్వమేనని కోర్టు చెప్పింది, వకీలును కలుద్దాం" అంటున్నాడు. ఆడపడుచు, "జనరల్ చెకప్ అని తీసుకెళ్లి ఆ అండాల పరీక్ష చేయించు, వయసు మీద పడుతోందని తెలిస్తే తనే దారికొస్తుంది" అంటోంది.

చివరి పేజీలో ఇలా ఉంది: "నేను బెదిరించలేదు, తిట్టలేదు. పిల్లలుంటే బాగుంటుందని చెప్పడం కూడా తప్పేనా? మా రోజుల్లో మమ్మల్ని ఎవరడిగారు? 1991లో బాబు పుట్టిన ఆరు వారాలకే నన్ను కుటుంబ నియంత్రణ ఆపరేషన్ క్యాంపుకు తీసుకెళ్లారు. మా అత్తమ్మ, ఊళ్లో నర్సమ్మ మాట్లాడుకున్నారు. నాకు అప్పుడు 27. ఇంకో బిడ్డ కావాలని నాకుండేది. ఎవరికీ చెప్పలేదు. మేం బతకలేదా?"

టీచర్ గారూ,

పిల్లలుంటే బాగుంటుందని చెప్పడం తప్పు కాదు. అసలు ఎవరో ఒకరు చెప్పాలి కూడా. ఇప్పటి పిల్లలకు స్కూల్ ఫీజుల లెక్క, ఆసుపత్రి బిల్లుల లెక్క, ఆగిపోయిన ప్రమోషన్ల లెక్క చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక పసివాడు మొదటిసారి మన వేలు పట్టుకున్నప్పుడు ఏమవుతుందో చెప్పగలిగేది మీలాంటివాళ్లే. అది మీరు బతికి తెలుసుకున్న విషయం. దాన్ని కోడలితో పంచుకునే హక్కు మీకుంది. వినే మనిషికి కూడా అది అవసరమైన సమాచారమే.

కాకపోతే మీరు చేసింది చెప్పడం ఒక్కటే కాదు. సంక్రాంతికి ఆమె జవాబు ఇచ్చింది. జవాబు వచ్చాక కూడా ప్రతి ఆదివారం అదే ప్రశ్న తీసుకెళ్లారు, కూర డబ్బాలతో పాటు. మీ కంఠం పెరగలేదు, నిజమే. కానీ ఒకసారి మీ కోడలి వైపు నుంచి చూడండి. ఆమె "వద్దు" అన్న మాటకు ఈ ఇంట్లో విలువ లేదని ప్రతి వారం తెలుస్తోంది. మంచి మాటలతో అడిగినా, ఏడుస్తూ అడిగినా, మొక్కులు చెప్పి అడిగినా, "కాదు" అంటే ఒప్పుకోని అడగడం ఒత్తిడే అవుతుంది. ఇద్దరి మధ్యా ఉన్న ఆ మాటను ఒడిబియ్యం రోజు మీరు ముప్పై మంది మధ్యలో పెట్టారు. అక్కడ ఆమెకు "లేదత్తమ్మా" అనే వీలు లేదు. నవ్వాలి, లేదంటే లేచి వెళ్లాలి. ఆమె లేచి వెళ్లింది.

ఇంకో సంగతి. "పిల్లలు వద్దనుకున్నాం" అనే మాట వెనక ఏముందో మీకు తెలీదు, నాకూ తెలీదు. నిజంగా వద్దనుకుని ఉండొచ్చు. అలా అనుకునే ఆడవాళ్లు ఉంటారు, వాళ్లలో లోపం వెతకనక్కర్లేదు. లేదా నెల తప్పి నిలవకపోయి ఉండొచ్చు. ప్రయత్నించి, రిపోర్టులు చూసి, చుట్టాలకు చెప్పుకోలేక "మాకే వద్దు" అనేసే జంటలు నా దగ్గరకు ఎన్నో వచ్చాయి. అలాంటివాళ్లకు వచ్చేసారి ఒడిలో బాబుండాలి అన్న మాట ఎలా తగులుతుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మీరు చివరి పేజీలో 1991 గురించి రాసిన వాక్యాల దగ్గరకు వస్తాను. మిగతా ఉత్తరమంతటి కంటే నన్ను ఎక్కువ ఆపినవి అవే.

మీకు 1991లో జరిగింది తప్పు. ఈ ముక్క ఇప్పటివరకు మీకెవరూ చెప్పి ఉండరు. ఆ రోజుల్లో ఆరోగ్య సిబ్బందికి ఇన్ని ఆపరేషన్లు చేయించాలని టార్గెట్లు ఉండేవి. కేంద్రం ఆ పద్ధతిని 1996లో గానీ ఎత్తేయలేదు. మీ నర్సమ్మ మీద కోపం పెట్టుకోమని కాదు, ఆమె నెత్తిన కూడా ఒక లెక్క ఉండి ఉంటుంది. కానీ ఆ లెక్కలో మీరొక కేసు. మీకు మూడో బిడ్డ కావాలా అని అత్తగారు అడగలేదు, నర్సు అడగలేదు, మీవారు అడిగినట్టు మీరు రాయలేదు. ముప్పై నాలుగేళ్లు ఆ మాట లోపల పెట్టుకుని, ఇప్పుడు ముక్కూమొహం తెలియని నాకు రాశారు. అంత చిన్నదైతే రాసేవారు కాదు.

"మేం బతకలేదా" అన్నారు. బతికారు. కానీ ఆ ప్రశ్న మీ కోడలికి జవాబు కాదు. అది మీకు జరిగిన నష్టం. మిమ్మల్ని అడగలేదు కాబట్టి ఆమెను అడగనక్కర్లేదు అనే చోటికి అది వెళ్లకూడదు. మీ అత్తగారు ఒక బిడ్డను ఆపాలనుకున్నారు, మీరు ఒక బిడ్డ రావాలనుకుంటున్నారు. మీది ప్రేమేనని నాకు తెలుసు. ఆవిడ కూడా కొడుకు సంసారం బాగుండాలనే అనుకుని ఉంటారు. రెండుసార్లూ నిర్ణయం జరిగే శరీరం మాత్రం ఆ గదిలో ఉన్న ఇంకో మనిషిది.

ఇది ఇళ్లలో మాత్రమే జరిగిన పని కాదు. 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి, వాటిలో ఎన్నో బలవంతంగా చేసినవే. ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుంటే సర్పంచ్‌గా నిలబడకూడదని 1994లో ఉమ్మడి రాష్ట్రం పంచాయతీరాజ్ చట్టంలో రాసింది. ముప్పై ఏళ్లకు, 2024లో, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ఎక్కువమందిని కనమని పిలుపిచ్చారు, ఆ రాష్ట్రం ఆ నిబంధనను తీసేసింది. నిబంధన తీసేయడం మంచిదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక్కో స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలు. తరానికి తరం సరిపోవాలంటే 2.1 కావాలి. కాబట్టి నాయకుల ఆందోళన ఊరికే వచ్చింది కాదు. కానీ వద్దన్నప్పుడూ, కావాలన్నప్పుడూ మాట్లాడింది సంఖ్యల గురించే. రుమేనియాలో 1966లో గర్భస్రావాలను దాదాపు పూర్తిగా నిషేధించారు. కొన్నాళ్లు జననాలు పెరిగాయి, తర్వాత తగ్గాయి. దొంగచాటు గర్భస్రావాల వల్ల వేలమంది ఆడవాళ్లు చనిపోయారు. దక్షిణ కొరియా పిల్లల కోసం ఏళ్ల తరబడి డబ్బు కుమ్మరించింది. అయినా 2023లో అక్కడి సగటు 0.72కి పడిపోయింది. డబ్బు చూపించి మనసులో లేని బిడ్డను తెప్పించడం ప్రభుత్వాలకే చేతకాలేదు.

అందుకే ముందు మీ ఎఫ్‌డీ గురించి చెప్పేస్తాను. పైపోర్షన్, 15 లక్షలు ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, వద్దనిపిస్తే మానేయండి. బిడ్డ పుడితే అనే షరతు మాత్రం తీసేయండి. ఆ షరతు ఉన్నంతకాలం మీ కోడలికి అది ధర చెప్పినట్టే వినపడుతుంది. ఒకవేళ రేపు ఆమె తనంతట తానే మనసు మార్చుకున్నా, ఇంటి కోసం కన్నదన్న మాట పడాల్సి వస్తుందేమోనని వెనక్కి తగ్గుతుంది.

ఆడపడుచు గారి సలహా అసలే వద్దు. అబద్ధం చెప్పి ఒక మనిషికి పరీక్ష చేయించడం తప్పు, అంతకంటే పెద్ద వివరణ అక్కర్లేదు. పైగా ఆ ఏఎంహెచ్ పరీక్ష అండాల నిల్వ సుమారుగా ఎంత ఉందో చెబుతుంది. మామూలుగా గర్భం వస్తుందో రాదో తేల్చదు. ఐవీఎఫ్ మందుల మోతాదు నిర్ణయించడానికి అది బాగా పనికొస్తుంది, కోడళ్లను భయపెట్టడానికి పెట్టిన పరీక్ష కాదు. పిల్లలు కలగని జంటల్లో ఇంచుమించు సగం మందికి మగవాళ్ల వైపు కూడా కారణం ఉంటుంది, ఆ చెకప్‌కు మీ అబ్బాయిని తీసుకెళ్లమని ఎవరూ అనలేదని గమనించండి. 35 దాటాక గర్భం వచ్చే అవకాశం త్వరగా తగ్గుతుందన్నది నిజం. ఆ సంగతి ఇంటర్నెట్ చేతిలో ఉన్న 32 ఏళ్ల అమ్మాయికి తెలియకుండా ఉండదు.

మీ తమ్ముడు చెప్పిన కోర్టు మాటలో సగమే నిజం. 2007లో సమర్ ఘోష్ కేసులో సుప్రీంకోర్టు మానసిక క్రూరత్వానికి కొన్ని ఉదాహరణలు ఇచ్చింది. పెళ్లయ్యాక భర్త గానీ భార్య గానీ ఏకపక్షంగా పిల్లలు వద్దని నిర్ణయించుకోవడం క్రూరత్వం కావచ్చన్నది వాటిలో ఒకటి. కావచ్చు అన్నది, అవుతుంది అనలేదు. అది విడాకుల కేసులో పనికొచ్చే మాట, కనమని ఆదేశించే మాట కాదు. అదే కోర్టు 2009లో, బిడ్డను కనాలా వద్దా అని ఎంచుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చే వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని చెప్పింది. అంటే వకీలు దగ్గరకు వెళ్తే మీకు మనవడు రాడు. వస్తే మీ అబ్బాయికి విడాకులు రావచ్చు. అది అడిగే హక్కు కూడా వాడిదే, మీ తమ్ముడిది కాదు.

ఇక మేడ మీద జరిగిన మాట. మీ ఉత్తరం మూడో పేజీలో, వేరే విషయం మధ్యలో, ఒక వాక్యం రాశారు. పెళ్లికి ముందే ఆ అమ్మాయి, "నాకు పిల్లల మీద పెద్దగా ఆశ లేదు" అని వాడితో అన్నదట, వాడు "చూద్దాంలే" అన్నాడట. టీచర్ గారూ, ఆ వాక్యం మొదటి పేజీలో ఉండాల్సింది. ఆమె మోసం చేయలేదు. ముందే చెప్పింది. వాడు ఆమె మాటను విన్నట్టే విని, కాలం గడిస్తే మారుతుందిలే అనుకున్నాడు. ఐదేళ్ల తర్వాత కూడా ఆ మాట భార్యతో కూర్చుని మాట్లాడకుండా తల్లితో మేడ మీద మాట్లాడుతున్నాడు.

వాడి కోరిక తప్పు కాదు. 34 ఏళ్ల మగవాడికి తండ్రి కావాలనిపించడం మంచి కోరిక, దాన్ని వాడు చంపుకోవాలని నేననను. కానీ దాన్ని కోడలి దగ్గరకు మీరు మోసుకెళ్లకండి. తీసుకెళ్తే ఏమవుతుందో చెప్పగలను. ఆమెకు ఒకేసారి రెండు తెలుస్తాయి: భర్త తనతో ఒక మాట, తల్లితో ఒక మాట అంటున్నాడని, ఇద్దరూ కలిసి తన గురించి మాట్లాడుకుంటున్నారని. ఆ తర్వాత ఆ ఇంట్లో బిడ్డ సంగతి పక్కకు పోయి నమ్మకం సంగతి మొదలవుతుంది. వాడికి చెప్పండి: "ఇది నాతో కాదు నాన్నా, తనతో మాట్లాడు. నిజం చెప్పు, తనేమంటే అది విను." వాళ్లిద్దరే మాట్లాడుకోలేకపోతే దంపతులకు కౌన్సెలింగ్ ఇచ్చేవాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు.

ఆ మాటల చివర వాళ్లు మూడింటిలో ఏ చోటికైనా చేరొచ్చు. ఆమె మనసు మారొచ్చు. వాడు ఆమెతోనే, పిల్లలు లేకుండానే ఉండిపోవడానికి సిద్ధపడొచ్చు. లేదా ఇద్దరికీ కావాల్సినవి కలవవని తేలి విడిపోవచ్చు. మూడోది రాయడానికి నాకూ బాధగానే ఉంది. కానీ మీరు మధ్యలో ఉంటే, ఏది జరిగినా జీవితాంతం ఆ బరువు మీ మీద పడుతుంది. విడిపోతే అత్త విడదీసిందంటారు. బిడ్డ పుడితే అత్త కోసం కన్నదవుతుంది. ఎవరి కోసమో కన్న బిడ్డతో తల్లి పడే యాతన నా దగ్గర కూర్చున్న ఆడవాళ్లలో చూశాను, ఆ బిడ్డలు పడేది కూడా చూశాను.

మీ ఉత్తరంలో ఇంకో మాట ఉంది, దాన్ని మీరు ముద్దుగా రాశారు: "మావాడికి అన్నం పెట్టుకుని తినడం కూడా రాదు." ఆమె భయం ఇదేనని నేను తేల్చి చెప్పలేను, ఇది సరిచేస్తే ఒప్పుకుంటుందన్న ఆశతోనూ చదవకండి. కానీ ఆలోచించండి. చట్టం ఆమెకు 26 వారాల ప్రసూతి సెలవు ఇస్తుంది. ప్రైవేటు ఉద్యోగంలో తండ్రికి తప్పనిసరిగా సెలవివ్వాలని ఏ చట్టమూ చెప్పదు, కంపెనీ దయ. ఇరవై ఏడో వారం నుంచి ఆ బిడ్డ ఎవరి చేతుల్లో ఉంటుంది? మీరు స్కూలుకు వెళ్లడం కోసం నాలుగో నెలలోనే బాబును మీ అమ్మ దగ్గర వదిలి, బస్సులో పాలు గడ్డకట్టి ఏడ్చానని రాశారు. ఆ సంగతి మీ కోడలికి ఎప్పుడైనా చెప్పారా? బిడ్డలుంటే బాగుంటుందన్న సగమే ఆమె విన్నది. రెండో సగం కూడా ఆమెతో పంచుకుంటే, మీరు ప్రచారం చేయడం లేదని, నిజం మాట్లాడుతున్నారని ఆమెకు తెలుస్తుంది. కొడుక్కి వంట నేర్పడం మాత్రం రేపే మొదలుపెట్టొచ్చు, బిడ్డ ఉన్నా లేకపోయినా.

ఇప్పుడు మీరేం చేయాలి అనేది మీరే తేల్చుకోవాలి. మీ ముందున్న దారులు చెబుతాను. ఇప్పటిలాగే అడుగుతూ ఉండొచ్చు. అప్పుడు మనవడు రావడం అటుంచి, కొడుకు ఇంటి తలుపు కూడా నెమ్మదిగా మూసుకుంటుంది, ఇప్పటికే మూసుకుంటోంది. లేదా ఇక ఒక్క మాటా మాట్లాడకుండా బిగుసుకుని కూర్చోవచ్చు. చాలామంది పెద్దవాళ్లు ఇదే చేస్తారు. కానీ ఆ మౌనం కూడా అడిగినట్టే వినపడుతుంది, నిట్టూర్పులు దాగవు. మూడోది కష్టమైనది: వెళ్లి ఒక్కసారి మాట్లాడడం. కొడుకు లేనప్పుడు, చుట్టాలు లేనప్పుడు, ఆమె రమ్మన్న రోజు, ముందు మెసేజ్ పెట్టి. నేనైతే ఇలా అనేదాన్ని: "ఆ రోజు అందరిలో అలా అన్నందుకు నన్ను క్షమించు. నాకు మనవరాలో మనవడో కావాలని ఉంది, అబద్ధం చెప్పను. కానీ అది నా కోరిక, నీ బాకీ కాదు. నువ్వు చెప్పింది విన్నాను. నువ్వే ఎత్తితే తప్ప ఈ మాట ఇక నా నోట రాదు." వీలైతే 1991 సంగతి కూడా చెప్పండి. జాలి కోసం కాదు. "నన్నెవరూ అడగలేదు, నిన్ను అడిగాను గానీ నీ జవాబు వినలేదు" అని చెప్పడానికి.

దీనివల్ల ఆమె వెంటనే కరిగిపోతుందని మాట ఇవ్వలేను. ఏడాది పట్టొచ్చు. క్షమాపణ చెప్పి, నెల తర్వాత "ఆలోచించావా" అంటే మొత్తం చెడిపోతుంది. కాబట్టి నిజంగా ఆపగలనని మీకు అనిపించిన రోజే వెళ్లండి.

మీ ఒంటరితనం గురించి తక్కువ రాశారు, కానీ ఆరు పేజీల నిండా అదే ఉంది. మీవారు పోయాక ఇల్లు ఖాళీ అయింది, ఆ ఖాళీలోకి ఒక పసిబిడ్డను ఊహించుకున్నారు. "అసలు కంటే వడ్డీ ముద్దు" అని ఊరికే అనలేదు మనవాళ్లు. పిల్లలతో ముప్పై ఏళ్లకు పైగా గడిపిన మనిషికి ఆ నిశ్శబ్దం ఇంకా ఎక్కువ. మనవడి బదులుగా ఏదో చూసుకోండి అని చెప్పను, ఒకదానికి ఒకటి బదులు కాదు. కానీ మనవరాలికి డాలస్‌లో తెలుగు చదవడం ఎవరు నేర్పుతున్నారు? వారానికి మూడు రోజులు, అరగంట, మీరు నేర్పొచ్చు. మూడో బిడ్డ గురించి మీ కూతురితో మాట్లాడొచ్చు. ఆమెకు 37 ఏళ్లుంటాయి, తల్లి కూడా అయింది, అర్థం చేసుకుంటుంది. ఆ దుఃఖాన్ని ఇన్నేళ్లకైనా ఎవరో ఒకరు మీతో కలిసి పంచుకోవాలి.

బతుకమ్మకు కోడలు వస్తుందో రాదో తెలీదు. వస్తే, ఎవరో ఒక పెద్దమ్మ "ఏం, విశేషం ఏమన్నా ఉందా?" అని అడగకుండా ఉండదు. అప్పుడు ఆమె పక్కన నిలబడి, ఆమె నోరు తెరవక ముందే, "అది వాళ్లిష్టం వదినా, మనం పాట అందుకుందాం పద" అనండి.